దేవమ్మ చూసి చెప్పాలి

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లు చెబితే నమ్మలేదు, గోడౌన్‌లో పనిచేసేవాళ్లు చెబితే వినిపించుకోలేదు. కార్ఖానా అనే పేటలో ఒక రేకుల షెడ్డులో, నా సొంత బండిలో కూర్చుని, నేనన్న ఒక మాటతో నాకే బుద్ధి వచ్చింది. ఆ మాట దగ్గరికి వస్తాను. ముందు భద్రయ్య ఎవరో చెప్పాలి.

భద్రయ్య బండ్లకు అద్దాలు బిగిస్తాడు. కార్లు, వ్యాన్లు, లారీలు అన్నీ చేస్తాడు గానీ ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పికప్ బండ్లు. డ్రైవరు సీటు వెనక ఉంటుందే అద్దం, దాని చుట్టూ ఉండే రబ్బరు నాలుగైదేళ్లకు ఎండకి బిరుసెక్కి ముడుచుకుపోతుంది. మూలల్లో సందు పడుతుంది. ఇక వాన పడిందంటే నీళ్లు లోపలికి దిగి సీటు వెనక చేరతాయి. కింద రేకు తుప్పు పడుతుంది, కేబిన్ అంతా ముక్కిన బియ్యం వాసన వేస్తుంది. నా బండికీ అదే జబ్బు. బన్సీలాల్‌పేట్‌లో నాకు నోటు పుస్తకాల గోడౌన్ ఉంది. బళ్లకు సరఫరా చేస్తాను. బళ్లు తెరిచేదీ జూన్‌లోనే, వానలు మొదలయ్యేదీ జూన్‌లోనే. ఎక్కువ తక్కువలకు పనికొస్తాయని కొన్ని కట్టలు సీటు వెనక పెట్టుకుంటే ఒక్క జల్లుకి అప్పడాల పిండిలా తయారయ్యేవి. అట్లా పన్నెండేళ్ల కిందట మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లాను.

ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. సన్నటి మనిషి. అద్దాలు నొక్కీ నొక్కీ రెండు బొటనవేళ్లూ చపాతీ ముద్దల్లా వెడల్పయ్యాయి. చిన్నప్పుడే రాణీగంజ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. సొంత షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్లు. ఇల్లు మెట్టుగూడలో. సినిమాలు చూడడు, రాజకీయాలు మాట్లాడడు. ఎవరైనా పగుళ్లమీద పైపైన సిలికాన్ గమ్ము పూసి బండి తెస్తే మాత్రం ఆయన నోరు ఆగదు.

"ఎవడు పూసిండు సార్ గిది? నీళ్లు కారేది ఒక కాడ, దిగేది ఒక కాడ. గీడ కారుతాందని గీడ పూస్తె, లోపల దిగుడు బందయితదా? పైకి మంచిగ కనిపిస్తది, లోపల రేకంత తినేస్తది" అని బ్లేడుతో ఆ గమ్మంతా గీకే దాకా తిడుతూనే ఉంటాడు. తిట్టేది గమ్మునా, పూసినవాణ్నా, తెచ్చిన మననా అన్నది మనకు అర్థం కాదు.

అయితే భద్రయ్య గురించి చెప్పడమంటే దేవమ్మ గురించి చెప్పడమే. ఆయన భార్య. రబ్బరు బిగించే వెనకద్దం ఒక్కడు చేసే పని కాదు. రబ్బరు అంచు లోపల చుట్టూతా సన్నతాడు దూర్చి, సబ్బునీళ్లు రాసి, అద్దాన్ని బయట నుంచి ఒకరు నొక్కుతుంటే, కేబిన్‌లో కూర్చున్నవాళ్లు ఆ తాడును కొంచెం కొంచెంగా లాగుతూ రావాలి. తాడు వచ్చినకొద్దీ రబ్బరు అంచు ఇవతలికొచ్చి రేకుమీద కూర్చుంటుంది. బయట నొక్కుడు, లోపల లాగుడు కలవాలి. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది, లేకపోతే అద్దమే పగులుతుంది.

ఇరవై రెండేళ్ల కిందట ఒకరోజు భద్రయ్య దగ్గర పనిచేసే మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. షెడ్డులో బండి నిలబడి ఉంది, దాని ఓనరు నెత్తిమీద నిలబడి ఉన్నాడు. అప్పుడే దేవమ్మ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. "జెర లోపల గూసో. తాడు ఇస్త, నేను కొట్టినప్పుడల్ల బెత్తెడు గుంజు" అన్నాడట. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కింది. ఆ రోజునుంచి దిగలేదు.

తాడు లాగడం కంటే పెద్ద పని తరవాతిది. అద్దం బిగించాక నీళ్ల పరీక్ష పెడతారు. భద్రయ్య బయట పైపు పట్టుకుని, ముందు అద్దం కింది అంచున, తరవాత పక్కలకు, ఆఖరున పైన, మెల్లగా నీళ్లు వదులుతాడు. దేవమ్మ లోపల సుద్దముక్క పట్టుకుని రబ్బరునే చూస్తూ కూర్చుంటుంది. చుక్క కనబడిందంటే అక్కడ గీత గీస్తుంది. "వచ్చిందా?" అని ఆయన బయటనుంచి అరుస్తాడు. "రాలే" అని ఆమె లోపలనుంచి. ఆమె అద్దం చుట్టూ చూసి "బండి ఇయ్యచ్చు" అని చెప్పేదాకా బండి షెడ్డు దాటదు. ఓనరు ఎంత మొత్తుకున్నా సరే. "దేవమ్మ చూసి చెప్పాలె" అంటాడు. కోర్టు తీర్పైనా మార్చుకోవచ్చేమో గానీ ఆమె మాట అయ్యాక దాని మీద ఇక అప్పీలు లేదు. పదకొండేళ్లలో ఆమె సరేనన్న నా బండిలోకి ఒక్క చుక్క దిగలేదు.

అందుకే పోయిన ఏడాది నాకంత ఒళ్లు మండింది.

జూన్ మొదట్లో వెనకద్దం రబ్బరు మొత్తం మార్పించాను. దేవమ్మ చూసింది, సరేనంది. వారానికే నీళ్లు. మళ్లీ వెళ్లాను. ఆమె నడిమిన కింద ఒకచోట గీత గీసింది. భద్రయ్య అక్కడ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఆమె సరేనంది. పది రోజులకు మళ్లీ నీళ్లు. ఈసారి ఒక బడికి ఇవ్వాల్సిన రికార్డు పుస్తకాలు రెండు కట్టలు తడిసి ఉబ్బాయి. ఆ ఉబ్బిన కట్టలు పట్టుకునే షెడ్డుకి వెళ్లాను.

"భద్రన్నా, పని షాతనయితలేదంటే చెప్పు. ఇంకోడి దగ్గరికి పోతా" అన్నాను, రోడ్డుమీదివాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

ఆయన మొహం చిన్నబోయింది. "గరమ్ గాకుండ్రి సారూ. మల్ల చూస్త. నాకు సుత సమజయితలేదు" అన్నాడు.

నీళ్ల పరీక్ష మొదలైంది. నాకు నమ్మకం చచ్చింది. వీళ్లు చూసేదేమిటో నేనే చూస్తానని కేబిన్‌లోకి ఎక్కి దేవమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఆమె వెనక్కి తిరిగి అద్దం నడుమ చూస్తూ కూర్చుంది. కింది అంచున నీళ్లు పడ్డాయి. ఏమీ లేదు. పక్కలకు వచ్చాయి. ఏమీ లేదు. పైకి వెళ్లాయి. ఆమె ఎడమవైపు పైమూలలో, ఆమె చెవికి జానెడు దూరంలో, ముత్యమంత చుక్క ఊరింది. ఊరి, రబ్బరు వెంబడి జారింది. దాని వెనక ఇంకోటి. తరవాత ధారే కట్టింది.

"వచ్చిందా?" అని బయటనుంచి భద్రయ్య.

"రాలే" అంది దేవమ్మ.

నేను ఆమె మొహం చూశాను. హాయిగా, నమ్మకంగా ఉంది. చేతిలో సుద్దముక్క సిద్ధంగా ఉంది. నా కళ్లముందు నీళ్లు కారుతుంటే ఈమె రాలేదంటోంది. మూడు వారాల కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"ఏందమ్మా రాలేదంటవు? ధార కారుతాంది గాద! కండ్లు కనిపిస్తలేవా నీకు?"

అదీ నేనన్న మాట.

ఆమె ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. మెడంతా తిప్పి వెతికి, అప్పుడు పట్టుకుంది ఆ మూలను. చూసి "అయ్యో" అంది. "నాకు అగుపడలే సారూ. నిజంగ అగుపడలే." తడుముకుంటూ వెళ్లి ఆ మూలన సుద్దతో గీత గీసింది.

భద్రయ్య పైపు పడేసి వచ్చాడు. ముందు నామీదికే వచ్చాడు. "ఆడిమనిషిని గట్లంటరా సారూ? నన్ననుండ్రి ఏమన్న ఉంటె." ఆ తరవాత మూలలో ధారను చూశాడు. భార్యను చూశాడు. కేబిన్ తలుపు దగ్గర నిలబడి, ఆమె చెంపకు పక్కగా, కొంచెం దూరంగా, తన అరచెయ్యి పెట్టాడు. అటూ ఇటూ ఊపాడు. ఆమె నా వంకే చూస్తోంది. "ఏమాయె, ఊకున్నరు ఇద్దరు?" అని అడిగింది.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఏడాదిగా ఆమె మోకాళ్లకు దెబ్బలే. షెడ్డులో నీళ్ల బకెట్టు తన్నేసేది. గడపకు తట్టుకునేది. "దారి మీద ధ్యాస లేదు, నడువుమంటె నాట్యం చేస్తది" అని భద్రయ్య ఆట పట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ని. చూపు పోతోందని ఎవరికి అనుమానం వస్తుంది? సూదిలో దారం ఎక్కించేది. పేపర్లో సన్నక్షరాలు నాకంటే ముందు చదివేది.

మర్నాడు పొద్దున్నే, అదే బండిలో ఇద్దరినీ కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాను. చేసిన తప్పుకి డ్రైవరు పని చేశాను. మధ్యాహ్నం దాకా ఏవేవో మిషన్ల ముందు కూర్చోబెట్టారు. డాక్టరమ్మ చిన్నది, మా అమ్మాయి ఈడుది. కాగితాలు చూసి "కళ్లల్లో ఏమన్నా మందు వేస్తున్నారా?" అని అడిగింది.

దేవమ్మ కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసి బల్లమీద పెట్టింది.

ఆ సీసా నాకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట ఆమెకు కళ్లు ఎర్రబడి దురద పెట్టేవి. థిన్నరు ఘాటు, పాత రబ్బరు ధూళి, కేబిన్‌లో తలుపులు వేసుకుని కూర్చునే పని. మందుల షాపతను ఈ చుక్కలిచ్చాడు. ఒక్క రోజుకే ఎరుపు పోయింది. ఇక సీసా అయిపోయినప్పుడల్లా ఖాళీ సీసా చూపించి కొత్తది తెచ్చుకున్నారు. రోజూ సాయంత్రం పని కట్టేశాక, షెడ్డులో ఏ బండి ఉంటే ఆ బండి సీటుకి ఆమె తల ఆనించి కళ్లు తెరిచేది. భద్రయ్య సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కంట్లో రెండేసి చుక్కలు వేసేవాడు. నేనది చాలాసార్లు చూశాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను కూడా, మొగుడంటే అట్లా ఉండాలని. "నువ్వు నా కంట్లో కారం కొట్టకుంటే అదే పదివేలు" అందామె.

"ఎన్నాళ్లనుంచి?" అని డాక్టరమ్మ అడిగింది.

"మూడేండ్లు" అన్నాడు భద్రయ్య. "నేనే ఏసిన అమ్మా. రోజు. ఒక్క దినం సుత తప్పలే." గర్వంగానే చెప్పాడు.

డాక్టరమ్మ సీసా చేతిలో తిప్పి దానిమీది పేరు చదివింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. ఆ మందు ఎరుపు తగ్గిస్తుందట. డాక్టరు చూడకుండా నెలల తరబడి వేస్తే కొందరికి కంటి లోపల ఒత్తిడి పెంచుతుందట. ఆ ఒత్తిడికి చూపు నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. చుట్టూ ఉండే చూపు ముందు పోతుంది, ఎదుటి చూపు ఆఖరిదాకా ఉంటుంది. అందుకే మనిషికి తెలియదు. "పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడటానికి ప్రయత్నం చేద్దాం" అంది.

భద్రయ్యకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని, తన రెండు చేతులూ మోకాళ్లమీద బోర్లా పెట్టుకుని చూసుకున్నాడు.

"పైకి మంచిగ కనిపించింది సారూ. ఎర్రగున్నది తెల్లగాయె. గదే చూసిన. లోపల ఏమయితాందో చూడలే. బండ్లు తెచ్చేటోళ్లను ముప్పై ఏండ్లసంది తిడ్తున్న గీ ముచ్చటకే" అన్నాడు.

నేను వెళ్లి ఆయన పక్కన మెట్టుమీద కూర్చున్నాను.

ఆ వారం నా బండి అద్దం ఆయనే మళ్లీ విప్పాడు. ఎడమ పైమూలలో రబ్బరు కింద రేకుకి సూదిమొనంత తుప్పు చిల్లు ఉంది. గీకి, రంగు వేసి, కొత్త రబ్బరు పెట్టాడు. లోపల కూర్చుని తాడు లాగింది నేను. రెండుసార్లు తొందరపడి తిట్లు తిన్నాను. తిట్టమనే కోరుకున్నాను. దేవమ్మ షెడ్డులో స్టూలుమీద కూర్చుని "మెల్లగ సారూ, అది మీ నోటు పుస్తకం కాదు చింపనీకి" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వు తొందరగానే అయిపోయింది. ఆ రోజుతో నా బండిలో కారడం ఆగింది.

అప్పటినుంచి నెలకోసారి ఆసుపత్రికి నేనే తీసుకెళుతున్నాను. కొత్త మందులిచ్చారు. ఆ చుక్కలు వేయడానికి భద్రయ్య చెయ్యి రాలేదు. సీసా చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసేవాడు. ఆమే అద్దం ముందు కూర్చుని వేసుకోవడం నేర్చుకుంది. డాక్టరు గదిలోకి కూడా ఆయన రాడు. బయటే నిలబడతాడు. లోపలికి ఆమెతో నేను వెళతాను. ఒక ఆపరేషన్ చేశారు. కుడి కన్ను కొంత నిలిచింది.

ఇంకో పని అలవాటు చేసుకున్నాడు. రోజూ పొద్దున షెడ్డు తెరవగానే దేవమ్మను స్టూలుమీద కూర్చోబెట్టి, ఆమె ఎదురుగా గోడను చూస్తుంటే, ఎడమ చెంప పక్కన అరచెయ్యి పెట్టి "కనిపిస్తాందా?" అని అడుగుతాడు. మొదట్లో ఆమె లేదనేది. ఆ రోజంతా ఆయన అన్నం ముట్టేవాడు కాదు. సంక్రాంతి దాటాక ఒకరోజు ఆమె "కొద్దిగ కనిపిస్తాంది" అంది. తరవాత రోజూ కనిపిస్తుందనడం మొదలుపెట్టింది. భద్రయ్య ఫోన్ చేసి మరీ నాకు చెప్పాడు. "పోయింది రాదన్నది డాక్టరమ్మ. వస్తాంది సారూ."

మార్చిలో పరీక్షకు వెళ్లాం. డాక్టరమ్మ కాగితం మీద నల్లటి మచ్చలు చూపించి చెప్పింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. రెండు నెలలై ఉంటుంది. నేను దేవమ్మ వైపు తిరిగాను. ఆమెకు ఆశ్చర్యమేమీ లేదు.

వరండాలోకి వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మధు సారూ, ఆయనకు చెప్పకుండ్రి."

"మరి రోజూ చెయ్యి కనిపిస్తాందంటివి గద వదినా?"

"ఆయన చేతికి థిన్నరు వాసన ఉంటది. దగ్గరికొస్తె తెలుస్తది" అంది. "ఏసింది ఆయన చెయ్యే గద సారూ. నాకు కనిపించకపాయె, సరే. ఆయనకు నా మొకం చూసినప్పుడల్ల తన చెయ్యే కనిపిస్తాంది. గదెట్ల బతుకుతడు?"

నాకు అబద్ధం చేతకాదు. కోపిష్టివాళ్లకు అది రాదు. అయినా బయటికి వెళ్లి, ఎదురుచూస్తున్న ఆయనతో "మంచిగుందన్నరు భద్రన్నా" అన్నాను. ఆయన మొహం చేటంత చేసుకుని, టీ తెస్తానని వెళ్లాడు. ఆసుపత్రి ప్రహరీ పక్కన అరుగుమీద మేమిద్దరం కూర్చున్నాం. ఆమెకు కుడివైపు నేను.

భద్రయ్య మూడు టీలు పట్టుకుని వచ్చాడు. నాకొకటి ఇచ్చి, అటు తిరిగి ఎడమవైపునుంచి ఆమెకు గ్లాసు అందించాడు. రోడ్డుమీద బస్సుల మోత, టీ వాసన, పక్కన ఎవరిదో అగరుబత్తి. వాటి మధ్య ఆయన చేతి థిన్నరు వాసన ఆమెకు తెలియలేదు. ఎదురుగా చూస్తూ చిరునవ్వుతో కూర్చుంది. గ్లాసు ఆమె భుజం పక్కనే గాలిలో ఆగి ఉంది. నేను ఆగలేక చెయ్యి చాచి ఆ గ్లాసు అందుకోబోయాను.

భద్రయ్య నా చెయ్యి చూశాడు. తరవాత నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. దించుకోకుండా ఉండాల్సింది.

గ్లాసుతో మెల్లగా మా ముందునుంచి నా వైపుకి నడిచి వచ్చి, ఆమె కుడివైపు వంగి, ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "వేడిగుంది, పైలం" అన్నాడు. "ఎప్పుడొచ్చినవయ్యా?" అంది ఆమె. "ఇప్పుడే" అన్నాడు.

నేను అనుకున్నాను, ఇక ఆ పరీక్ష ఆపేస్తాడని. ఆపలేదు. మొన్న పొద్దున ఒక బడికి పుస్తకాలు వేయడానికి వెళుతూ షెడ్డు దగ్గర ఆగాను. ఆమె స్టూలుమీద గోడకెదురుగా కూర్చుని ఉంది. ఆయన ఎడమ చెంప పక్కన అరచెయ్యి పెట్టి "కనిపిస్తాందా?" అని అడిగాడు.

"మంచిగ కనిపిస్తాంది" అంది.

"సరే అయితె" అన్నాడు భద్రయ్య. చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.